ఆచార్య హారీ వుల్ఫ్‌సన్ పరిశోధనా జీవితం

పాశ్చాత్య తత్త్వశాస్త్ర చరిత్రను చదివే విద్యార్థులు ప్లేటో, అరిస్టాటిల్ అధ్యాయాలు ముగించి, నడుమ నాలుగు పుటలు తిరగవేసి, నేరుగా డెకార్టు వద్దకు చేరటం పరిపాటి. ఆ నాలుగు పుటలలో అణిగిపోయిన కాలం దాదాపు రెండు వేల సంవత్సరాలు. ఆ కాలాన్నే తన జీవితకాలపు క్షేత్రంగా ఎంచుకొన్న పండితుడు హారీ ఆస్ట్రిన్ వుల్ఫ్‌సన్. ఆయన క్రైస్తవుడు కాడు, యూదుడు. అయినప్పటికీ తొలినాటి క్రైస్తవ తత్త్వచింతనపై ఆయన రచించిన గ్రంథాన్ని విడిచి ఆ విషయాన్ని చర్చించటం కష్టమని మా అభిప్రాయం.

వుల్ఫ్‌సన్ 1887లో నాటి రష్యా సామ్రాజ్యంలోని ఒక చిన్న ఊరిలో జన్మించినారు. బాల్యంలో అభ్యసించినది తాల్ముద్ శాస్త్రం. 1903లో అమెరికా చేరి, 1908లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ప్రవేశించి, 1915లో డాక్టరేటు పొంది, 1925లో అక్కడనే ఆచార్యపీఠాన్ని అధిష్ఠించినారు. 1958లో పదవీ విరమణ చేసినారు. తక్కిన జీవిత చరిత్ర అంతా వైడెనర్ గ్రంథాలయంలోని ఒక గదిలో గడచినదే. ఆయన వివాహం చేసుకొనలేదు.

ఆయన పద్ధతికి మూలం తాల్ముద్ పాఠశాలలోనే ఉన్నది. పూర్వాచార్యుడు ఒక మాటను వృథాగా వాడడు. రెండు వాక్యాలు పరస్పరం విరుద్ధంగా కనిపించినప్పుడు, ఆయన చెప్పక విడిచిన మెట్టు ఏదో నడుమ ఉండి తీరాలి. ఆ మెట్టును ఊహించి, ఆ ఊహను మూలంలోని ప్రతి వాక్యంతోను సరిచూడాలి. మన మీమాంసకులు, న్యాయశాస్త్రజ్ఞులు ఈ క్రమాన్ని వెంటనే గుర్తించగలరు.

1947లో ఆయన ప్రకటించిన గ్రంథం ఫైలోను గురించినది. ఫైలో యేసుకు సమకాలికుడు, అలెగ్జాండ్రియా నగరవాసి, గ్రీకు భాషలో వ్రాసిన యూదుడు. అబ్రహాము భార్య సారా, ఆమె పరిచారిక హాజిరా కథ మన పాఠకులకు తెలిసినదే. తెలుగు బైబిలు చదివేవారు హాగరు అంటారు. ఫైలో దృష్టిలో హాజిరా లౌకిక విద్యలకు, సారా జ్ఞానానికి ప్రతీకలు. లౌకిక విద్యలు తత్త్వశాస్త్రానికి పరిచర్య చేసినట్లే తత్త్వశాస్త్రం జ్ఞానానికి పరిచర్య చేయాలని ఆయన వాదం. రెండవ శతాబ్దపు చివర అదే నగరంలో బోధించిన క్లెమెంటు ఈ వ్యాఖ్యానాన్నే స్వీకరించినాడు. మధ్యయుగమంతటా మతజిజ్ఞాసకు తత్త్వశాస్త్రం దాసి అన్న భావన నిలవటానికి మూలం ఇదేనని వుల్ఫ్‌సన్ నిరూపించ యత్నించినారు.

1956లో వెలువడిన "సంఘ పితరుల తత్త్వశాస్త్రం" ఆయన కృషికి శిఖరం. తొలి శతాబ్దాలలో క్రైస్తవ సిద్ధాంతానికి రూపమిచ్చిన ఆచార్యులే సంఘ పితరులు. విశ్వాసం, త్రిత్వం, శరీరధారణ ఇందలి విషయాలు. యోహాను సువార్త ఆరంభంలో వచ్చే 'వాక్యం' అన్న పదాన్ని ఉదాహరణగా తీసుకొందాము. మాట నోటినుండి వెలువడక ముందు మనస్సులో తలపుగా ఉండును గదా! దైవవాక్యం కూడా అట్లే మొదట దేవునిలో తలపుగా ఉండి, సృష్టికి పూర్వం వేరుగా జనించినదని కొందరు పితరులన్నారు. ఓరిజెను దీనిని అంగీకరించక, ఆ జననానికి ఆది లేదన్నాడు. మొదటిది రెండు దశల వాదం, రెండవది ఒకే దశ వాదం. ఈ చీలికను స్పష్టంగా విడదీసి చూపటం ఆ గ్రంథంలోని గొప్ప భాగాలలో ఒకటి.

దైవవాక్యం అనాదియా, సృష్టమా అన్న ప్రశ్న ఇస్లామీయ కలామ్ శాస్త్రంలోనూ తలెత్తినది. ఖురాను సృష్టమని ముతజిలా వర్గం వాదించినది. దైవగుణాలను గురించిన ఈ చర్చకు క్రైస్తవ త్రిత్వ వాదంతో ఏర్పడిన పరిచయమే కారణమని వుల్ఫ్‌సన్ నిర్ణయం. ఇక్కడ మేము ఆయనతో పూర్తిగా ఏకీభవించలేము. ఖురాను వచనాల వ్యాఖ్యానంనుండే ఆ ప్రశ్న పుట్టి ఉండవచ్చును. పోలిక ఉన్నంత మాత్రాన అప్పు తెచ్చుకొన్నట్లు కాదు. చెప్పని మెట్టును ఊహించే పద్ధతిలోని ప్రమాదం ఇదే. ఖాళీ మరీ చక్కగా పూడినప్పుడు అనుమానించాలి. ఫైలోకు ఆయన మితిమీరిన ప్రాముఖ్యం ఇచ్చినారన్న విమర్శ కూడా తోసివేయదగినది కాదు.

అయితే మూడు మతాల గ్రంథాలను మూలభాషలలో చదివి ఒకే వాదంగా విన్నవారు అరుదు. అరిస్టాటిల్‌పై ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యలలో కొన్నింటికి అరబ్బీ మూలం నశించి, హీబ్రూ, లాటిన్ అనువాదాలే మిగిలినవి. వాటన్నింటిని మూడు భాషలలోను పరిష్కరించి ప్రకటించాలని వుల్ఫ్‌సన్ 1931లోనే ప్రణాళిక వ్రాసినారు. ఇబ్న్ రుష్ద్ సంగ్రహ వ్యాఖ్యలు కొన్ని 1947లో మన హైదరాబాదు దాయిరతుల్ మారిఫ్ నుండి అరబ్బీలో అచ్చయినవన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో!

వుల్ఫ్‌సన్ 1974లో మరణించినారు. కలామ్‌పై ఆయన బృహద్గ్రంథం 1976లో వెలుగు చూసినది. సంఘ పితరులపై 1956లో మొదటి సంపుటమని ప్రకటించిన గ్రంథానికి రెండవ సంపుటం రానేలేదు.