దొడ్డికి పోనని ఏడ్చే బిడ్డ దగ్గర

మదనపల్లెలోనో పుంగనూరులోనో పిల్లల డాక్టరు గది బయట ఒక పూట కూర్చోండి. "వారమైంది సార్, దొడ్డికి పోలేదు", "బడికి బయల్దేరేటప్పుడే కడుపు నొస్తాదంట" అనే మాటలు చెవిన పడతాయి. మందు రాసేది డాక్టరే. ఆ మందు ఇంట్లో పనిచేయాలంటే మాత్రం ఇంకో మనిషి తోడు కావాలి. పిల్లల సైకాలజిస్టుగా మన వైపే స్థిరపడాలనుకునేవారికి నేను చూపించే చోటు ఇదే.

తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీలో పీజీ చేయవచ్చు. అదొక్కటే చాలదు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ, అక్కడ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్నాళ్లూ అది రెండేళ్ల ఎంఫిల్. ఇప్పుడు కోర్సులు మారుతున్నాయి. ఫీజు కట్టకముందే ఆ కాలేజీ, ఆ కోర్సు గుర్తింపు జాబితాలో ఉన్నాయేమో చూసుకోండి.

ఇక పని. గట్టిపడిన మలంతో ఒకసారి నొప్పి పుట్టిన బిడ్డ మరోసారి పోవడానికి భయపడతాడు. మునివేళ్ల మీద నిలబడతాడు, కాళ్లు మెలేస్తాడు, తలుపు చాటున దాక్కుంటాడు. ముక్కుతున్నాడని తల్లి అనుకుంటుంది, నిజానికి బిగబట్టుకుంటున్నాడు. లోపల నిలిచింది ఇంకా గట్టిపడుతుంది, దాని పక్కనుంచి పలచటిది జారి చెడ్డీకి అంటుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని సోమరితనం అనుకుని దెబ్బ వేస్తారు. అందుకే మీరు ఆ ఇంటికి చెప్పాల్సిన మొదటి మాట: వాడు కావాలని చేయడం లేదు. తిన్న తర్వాత పెద్దపేగు కదులుతుంది కాబట్టి అన్నమైన కాసేపటికి ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టమనండి. మెచ్చుకోవాల్సింది కూర్చున్నందుకు, వచ్చినందుకు కాదు. కాస్త తేలికపడగానే డాక్టరునడగకుండా మందు ఆపేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. నెలలు పడుతుందని ముందే చెప్పండి. వీలైతే బడిలో మరుగుదొడ్డి కూడా చూసి రండి: గడియ పడుతుందా, నీళ్లు వస్తాయా? రోజంతా బిగబట్టే అలవాటు చాలామందికి అక్కడే మొదలవుతుంది.

బడికి బయల్దేరేటప్పుడు వచ్చే కడుపునొప్పి సంగతి: పరీక్షలన్నీ బాగున్నా ఆ నొప్పి నిజమే. పేగు సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే 2016 నాటి రోమ్-4 ప్రమాణాలు ఇలాంటివాటిని పేగుకూ మెదడుకూ మధ్య సంబంధంలో వచ్చే తేడాలుగా చెబుతాయి. "నటిస్తున్నాడు" అన్న మాట మీ గదిలో వినబడనివ్వకండి. అయితే మలంలో రక్తం, పచ్చటి వాంతి, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే మీ పని పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి.

కుప్పంలో ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం వినబడతాయి. మూడింటిలోనూ పసిబిడ్డకు మలమంటే "కక్క"నే. అవ్వలు వాడే ఆ మాటే వాడండి, మలవిసర్జన అంటే బిడ్డ నోరు తెరవదు. బిడ్డను పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే కుప్పంలోనే పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా మరీ దూరం కాదు.

మొదట్లోనే గది అద్దెకు తీసుకోకండి. పిల్లల డాక్టరును అడిగి వారానికి రెండు పూటలు ఆయన ఓపీలో కూర్చోండి. ఆయన పంపిన ప్రతి బిడ్డ గురించీ ఒక కాగితం రాసి తిరిగి పంపండి: ఎన్ని రోజులు కూర్చున్నాడు, ఎన్నిసార్లు పోయాడు, చెడ్డీకి మరక పడిందా, మందు ఆపేశారా.