పీఎస్ఏ పెరిగితే బయాప్సీ తప్పదా?

ప్రశ్న: హనుమకొండకు చెందిన 67 ఏళ్ల విశ్రాంత ఉద్యోగికి రక్తపరీక్షలో పీఎస్ఏ 6.2గా తేలింది. బయాప్సీకి వెంటనే ఒప్పుకోవాలా?

జవాబు: పీఎస్ఏ అనేది ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రోటీన్, వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రనాళంలో గొట్టం వేసినా రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది కనుక, మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటినంత మాత్రాన క్యాన్సర్ అనుకోరాదు. ఇన్ఫెక్షన్ ఉంటే నయమైన ఆరు వారాలకు పీఎస్ఏ పరీక్షను మళ్లీ చేయించడం మేలు. గ్రంథి వాపునకు ఫినాస్టెరైడ్ వాడుతున్నవారిలో అంకె దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి ఆ మాత్ర సంగతి వైద్యునికి చెప్పకపోతే, తక్కువగా కనిపించే ఫలితమే మోసగిస్తుంది.

తరువాతి మెట్టు సూది కాదు, ఎంఆర్ఐ. బ్రిటన్‌లో జరిగి 2017లో వెలువడిన ప్రోమిస్ అధ్యయనం ప్రకారం, ముందుగా ఈ స్కానింగ్ చేస్తే సుమారు నాలుగో వంతు మందికి బయాప్సీ తప్పించవచ్చు. అనుమానాన్ని 1 నుంచి 5 వరకు అంకెలతో సూచించే ఎంఆర్ఐ నివేదికలో 4 లేదా 5 ఉన్నా, వేలితో చేసే పరీక్షలో గట్టి గడ్డ తగిలినా, జాప్యం తగదు. మలద్వారం గుండా కాక దాని ముందుభాగపు చర్మం గుండా సూది పంపే పద్ధతిలో ఇన్ఫెక్షన్ భయం తక్కువ. హనుమకొండలో అయినా, హైదరాబాదు నిమ్స్‌లో అయినా, ఏ పద్ధతి పాటిస్తారో యూరాలజిస్టును ముందే అడగవచ్చు.