ఫ్యాను తిరగకపోతే మోటారు పోయినట్టేనా?

శంకర్‌పల్లి

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పింది పడుకున్నాక కూడా నన్ను వదల్లేదు. చేవెళ్లలో మీ షెడ్డుకు వచ్చిన ఆ కారుకు రేడియేటర్ ఫ్యాను తిరగలేదు. కప్లర్ దగ్గర మీటరు పెడితే 12 వోల్టులు చూపించింది. కరెంటు వస్తోంది కదా, మోటారే పోయిందని కొత్తది తెప్పించావు. అదీ తిరగలేదు. చివరికి, విడిగా వైరు లాగి స్విచ్చు పెట్టి డైరెక్ట్ చేసి పంపించేయనా మామా అని అడిగావు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

బానెట్ లేపకముందే బండి నడిపినాయన్ని అడుగు, ఎక్కడ కాగింది అని. మన చుట్టూ ఉన్న దారులే సగం పరీక్ష చేసి పెడతాయి. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు మర్రిచెట్ల కింద 60, 70లో పోతుంటే ఎదురుగాలి రేడియేటర్‌లో దూరి పోతుంది, ఫ్యానుతో పెద్దగా పని ఉండదు. అదే బండి సెలవు రోజున ఏసీ వేసుకుని చిలుకూరు గుడి దారిలో కార్ల వెనక నిలబడిందనుకో, అక్కడ ఫ్యానే దిక్కు. రోడ్డు మీద చల్లగా ఉండి, ఆగినప్పుడే వేడి చూపే ముల్లు లేస్తే ఫ్యాను వైపు చూడు. ఆగినప్పుడు బాగానే ఉండి, వేగంలోనో, అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడో కాగితే ముందు నీటి దారిని అనుమానించు. రేడియేటర్ పూడి ఉండొచ్చు, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, పంపు తోయకపోవచ్చు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్‌లో సున్నం ఎంత గట్టిగా కడుతుందో నువ్వే గీకి చూశావు. అలాంటి బండికి కొత్త ఫ్యాను బిగించినా కాగుతూనే ఉంటుంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్ ఫ్యాను బెల్టుతో ఇంజను వెంటే తిరిగేది. మారుతీ 800లో ఇంజను అడ్డంగా కూర్చుంది, బెల్టు ఫ్యాను రేడియేటర్‌కు ఎదురుగా రాదు, అందుకే కరెంటు మోటారు పెట్టారు. దాంతో మన పని కూడా మారింది. ఇప్పటి బండ్లలో నీళ్లు 82 డిగ్రీలకు చేరితే థర్మోస్టాట్ తెరుచుకోవడం మొదలవుతుంది, 95 దాటాక ఎక్కడో ఫ్యాను లేస్తుంది; బండిని బట్టి కొంచెం అటూ ఇటూ. ఆ వేడిని సెన్సరు చూసి ఈసీయూకు, అంటే బండి కంప్యూటరుకు, చెప్పాలి, ఈసీయూ రిలేను లాగాలి, ఫ్యూజు దాటి కరెంటు మోటారుకు చేరాలి, మోటారు నుంచి అర్తింగ్ గుండా బ్యాటరీకి తిరిగి రావాలి. ఇందులో ఎక్కడ తెగినా పైకి కనిపించేది మాత్రం ఒక్కటే: ఫ్యాను తిరగలేదు.

డైరెక్ట్ చేయడం అనే మాట వింటే నాకు భయం. చాలా ఏళ్ల కిందట ఒక ఓమ్నీకి నేనే ఆ పని చేశాను. ఫ్యాను తిరగడం లేదని తెచ్చారు, సాయంత్రానికి పెళ్లికి పోవాలన్నారు. రెండు వైర్లు కలిపాను, ఫ్యాను గిర్రున తిరిగింది, వాళ్లు సంతోషంగా వెళ్లిపోయారు. అసలు తప్పు ఒక హోసు. క్లిప్పు దగ్గర చుక్కచుక్కగా కారి నీళ్లు తగ్గిపోయాయి. వేడిని బట్టి ఫ్యానును లేపే స్విచ్చు నీళ్లలో లేదు, ఆవిరిలో ఉంది. దానికి వేడి సరిగ్గా తెలియక ఫ్యానును లేపలేదు. ఫ్యాను తిరగకపోవడం ఆ బండి నాకు చెప్పిన మాట. దాని నోరు నేను నొక్కేశాను. ఘాటు మీద హెడ్డు వంగిపోయింది. పెళ్లివాళ్లు చీకట్లో పిల్లలతో రోడ్డు మీద నిలబడ్డారు. హెడ్డు ఖర్చు నేనే పెట్టుకున్నాను కానీ, ఆ రాత్రిని వాళ్లకు తిరిగి ఇవ్వలేకపోయాను.

అందుకే మొదట నీళ్లు చూడు, బండి పూర్తిగా చల్లారాక. మనం సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉన్నాం, మూత లేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత 0.9 బార్ దాకా ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టి లోపల 115 దాటినా మరగవు. వేడి మీద ఆ మూత తిప్పావంటే ఒత్తిడి పోయి నీళ్లన్నీ ఒక్కసారి మరిగి మొహం మీదికి లేస్తాయి. గుడ్డ చుట్టి తిప్పినా అంతే. ఇంకొకటి, తాళం తీసేసినా కొన్ని బండ్లలో ఫ్యాను లేస్తుంది. రెక్కల దగ్గర చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ మైనస్ ఊడదియ్.

నీళ్లు సరిగ్గా ఉంటే ఇంజను నడిపి ఏసీ వెయ్యి. చాలా బండ్లలో ఏసీతో పాటు ఫ్యాను కూడా లేవాలి. ఏసీకి లేచి, వేడికి లేవకపోతే మోటారు బాగున్నట్టే, సెన్సరు వైపు నడువు. ఏసీకి ఇంకో ఫ్యాను వేరుగా ఉన్న బండ్లలో మాత్రం మోసపోకు. ఈసీయూ బండి అయితే ఇంజను నడుస్తుండగా సెన్సరు కప్లర్ తీసి చూడు. వేడి తెలియడం లేదని ఎక్కువ బండ్లు తమంతట తామే ఫ్యానును వేసేస్తాయి. చెక్ లైటు వెలిగితే తర్వాత స్కానరుతో తీసెయ్. పాత స్విచ్చు బండి అయితే దాని రెండు వైర్లు కలిపితే చాలు. ఇలా తిరిగిందంటే రిలే, ఫ్యూజు, మోటారు, అర్తింగ్ అన్నీ బాగున్నట్టు ఒక్క దెబ్బతో తేలినట్టే. తిరగకపోతే అదే నంబరున్న హారన్ రిలేను ఫ్యాను రిలే చోట మార్చి చూడు. ఫ్యూజు పోయి ఉంటే ఎందుకు పోయిందో వెతుకు. 30కి బదులు 40 వేశావంటే ఈసారి కాలేది వైరు. పొలాల పక్కన నిలిపే బండ్లకైతే ఎలుకలు కొరికిన వైరు కూడా చూసుకో.

ఇప్పుడు నీ బండి సంగతి. ఎర్ర తీగ కప్లర్‌లో పెట్టి, నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కు పెట్టానన్నావు. అల్లుడూ, నువ్వు రావడం మాత్రమే కొలిచావు, పోవడం కొలవలేదు. మోటారు అర్తింగ్ వైరు బ్యాటరీకి పోదు, ముందు బాడీ మీద ఒక బోల్టుకు పోతుంది. మాటల మధ్యలో ఇంకొకటి అన్నావు, ఆ బండికి ఈ మధ్యే ముందు భాగం డెంటింగ్ పెయింటింగ్ అయిందని. నా అనుమానం అక్కడే. ఆ బోల్టు కింద పెయింటు ఉండి ఉంటుంది.

మీటరును తప్పు పట్టకు, కానీ అది తినే కరెంటు దాదాపు ఏమీ ఉండదు. వైరులో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. ఫ్యానుకు పది ఆంపియర్లు పైనే కావాలి, ఆ ఒక్క పోగు అంత మోయలేదు. ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించుకో. ఫ్యాను లేవాల్సిన సమయంలో దాన్ని కప్లర్ రెండు పిన్నుల మధ్య పెట్టు. కాంతివంతంగా వెలిగితే మోటారును అనుమానించు. గుడ్డిగా వెలిగితేనో, అసలు వెలగకపోతేనో నల్ల వైపు మాత్రం తీసి బ్యాటరీ మైనస్‌కు పెట్టు. అప్పుడు భగ్గున వెలిగితే దొంగ అర్తింగే. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించు.

ఆ తర్వాత ఫ్యాను తిరిగినా వెంటనే బండి ఇవ్వకు. గ్రిల్లు ముందు పలుచని కాగితం పట్టుకో. ఫ్యాను రేడియేటర్ వెనకున్న బండిలో కాగితం లోపలికి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే ప్లస్సు మైనస్సు తారుమారైనట్టు. అస్సలు కదలకపోతే ఏసీ కండెన్సరుకూ రేడియేటర్‌కూ మధ్య దుమ్ము, పత్తి పీచు, పురుగులు దట్టంగా పట్టి ఉంటాయి. ఇంజను వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడుగు. తర్వాత ఏసీ ఆపి, ఇంజను నడుపుతూ నిలబెట్టి, ఫ్యాను రెండుసార్లు లేచి ఆగేదాకా దగ్గరే ఉండు.

పాత మోటారును పాత సామాను వాడికి వెయ్యకు. ఆదివారం వచ్చేటప్పుడు తీసుకురా. వైరులో ఫ్యూజు పెట్టి బ్యాటరీ మీద తిప్పి చూద్దాం. తిరగకపోతే మెల్లగా తట్టి చూద్దాం. తడితే తిరిగిందంటే కార్బన్లు అరిగినట్టు, నీ నిర్ణయంలో సగమైనా నిజం ఉన్నట్టు. తట్టకుండానే తిరిగిందనుకో, దాన్నే ఆ కారుకు మళ్లీ బిగించి, కొత్త మోటారు డబ్బులు దాని యజమానికి ఇచ్చేసి రా. నీ దగ్గర లేకపోతే నేను ఇస్తాను, నెలనెలా తీర్చు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ