పాత జీపు ఇరుసు నిష్పత్తిని కనుగొను విధము

గాజువాక ఆటోనగరునకు లారీలతోపాటు అప్పుడప్పుడు పాత జీపులును మరమ్మతునకు వచ్చుచుండును. క్రిందటి సెలవులలో మా తరగతి బాలురు కొందఱు నాతోగూడ నచ్చటి యొక షెడ్డునకు వచ్చిరి. అందొక జీపు యజమాని విచారముతో నిలిచియుండెను. వెనుక ఇరుసు పాడైనందున ఆయన పాతసామానుల అంగడిలో మఱియొకటి కొని వేయించెనట. అది మొదలుకొని నాలుగు చక్రములకును ఇంజను బలమిచ్చి యెండిన రోడ్డుపై నడపినంతనే బండి బిగుసుకొని, స్టీరింగు బరువెక్కి, లీవరు వెనుకకు రాకుండెను. వానలు తగ్గకముందే అనంతగిరి కనుమకు పోవలయునని ఆయన కోరిక. “పండ్ల లెక్క కలిసినట్టు లేదు, చూడండి మాష్టారూ” అని మేస్త్రీ మాకు పని యొప్పగించెను.

ఇరుసు నడుమ చిన్న పినియను పెద్ద క్రౌన్ వీలును త్రిప్పుచుండును. పెద్దదాని పండ్లను చిన్నదాని పండ్లచే భాగించిన వచ్చునదే నిష్పత్తి. 1941 మొదలు 1945 వఱకు తయారైన విల్లిస్ ఎం.బి. యుద్ధపు జీపునకు పినియను పండ్లు 8, క్రౌన్ వీలు పండ్లు 39, నిష్పత్తి 4.875. యుద్ధము ముగిసిన పిదప పౌరులకై వచ్చిన సి.జె.-2ఎ జీపునకు 8, 43; నిష్పత్తి 5.375. మన దేశమున మహీంద్రావారు 1947 నుండి విల్లిస్ జీపులను కూర్పసాగిరి. ఇరుసును పైనుండి చూచినంతమాత్రమున ఏది యేదో చెప్పుట సులభము గాదు. విప్పుట యన్నచో ఒక పూట పని. కాని విప్పకయే లెక్కింపవచ్చును.

నేలనున్న చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టవలెను. ఈ జీపులందు చేతిబ్రేకు ప్రొపెల్లర్ షాఫ్టునే పట్టును గనుక వెనుక ఇరుసును పరీక్షించునపుడు దానిని విడువక తప్పదు; అందుచే రాళ్ల విషయమున అశ్రద్ధ పనికిరాదు. గేరును న్యూట్రలులో నుంచి, ముందు చక్రముల లీవరును విడిపించి, వెనుక చక్రము నొకదానిని మాత్రము జాకీతో నెత్తి, ఇరుసు క్రింద స్టాండు నిలిపితిమి. టైరుపైనను షాఫ్టుపైనను సుద్దగీత గీచితిమి. ఒక బాలుడు చక్రమును 8 చుట్లు త్రిప్పగా, వేఱొకడు షాఫ్టు చుట్లు లెక్కించి 21½ అనెను. వెంటనే భాగహారము చేసి “నిష్పత్తి 2.69” అని వ్రాసికొనిరి. అట్టి ఇరుసు ఏ జీపునకును లేదు!

తప్పు లెక్కలో లేదు, డిఫరెన్షియలును మఱచుటలో నున్నది. రెండు చక్రముల చుట్లను కూడి సగము చేసిన నెంతయో, క్రౌన్ వీలు అన్ని చుట్లే తిరుగును. ఒక చక్రము నేలపై కదలకుండ నుండగా రెండవది 8 చుట్లు తిరిగిన, క్రౌన్ వీలు తిరిగినది 4 చుట్లే. కావున ఎత్తిన చక్రమును 16 చుట్లు త్రిప్పవలెను. అప్పుడు క్రౌన్ వీలు 8 చుట్లు తిరుగును. పినియను పండ్లును 8 గనుక షాఫ్టు చుట్ల సంఖ్యయే క్రౌన్ వీలు పండ్ల సంఖ్య యగును. భిన్నము లేదు, భాగహారము లేదు. ఈ ఉపాయము బాలురకు మిక్కిలి నచ్చినది. వెనుక 43 వచ్చెను. పిమ్మట ముందు చక్రము నెత్తి యట్లే త్రిప్పగా 39 వచ్చెను.

మేస్త్రీ యనుమానము నిజమే. బలము రెండు ఇరుసులకును సమముగా పోవునపుడు వెనుక చక్రములు 39 చుట్లు తిరుగునంతలో ముందు చక్రములు 43 చుట్లు తిరుగవలసి వచ్చును. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లని యెంచినచో, సుమారు 90 మీటర్ల దూరములో ముందువి 9 మీటర్లు అధికముగా పోజూచుచున్నవన్నమాట. బురదలో చక్రములు జాఱి ఆ భేదము తీఱిపోవును. ఎండిన రోడ్డుపై జాఱుటకు వీలు లేనందున షాఫ్టులు మెలిబడి, పండ్లపై భారము హెచ్చును. తుదకు ఏదో యొకటి విఱుగును. కనుమదారిలో అది విఱిగియున్నచో ఏమగునో యజమానికి వేఱుగ చెప్పనక్కఱలేకపోయెను.

పనిలో పనిగా గేర్‌బాక్సును గూడ చూచితిమి. వెనుక చక్రములు రెంటిని నెత్తి స్టాండ్లపై నిలిపి, స్పార్కు ప్లగ్గులు తీసి, ముందునుండి హాండిలుతో ఇంజనును త్రిప్పవలెను. మొదట టాప్ గేరులో షాఫ్టు 10 చుట్లకు హాండిలు 10 చుట్లే రావలెను. రానిచో ట్రాన్స్‌ఫర్ కేసు లీవరు లో గేరులో నున్నదని యర్థము. తరువాత మొదటి గేరు వేసి షాఫ్టు 10 చుట్లు తిరుగువఱకు హాండిలు చుట్లు లెక్కింపవలెను. యుద్ధపు టి-84 గేర్‌బాక్సునకు 26⅔ చుట్లు, తరువాతి టి-90కి 28 చుట్లు పట్టును. రెండవ గేరులో ఆ రెంటికిని భేదము అత్యల్పము గనుక దానిని నమ్మరాదు. మాకు 28 వచ్చెను. అనగా ముందు ఇరుసు మాత్రమే యుద్ధకాలపుది, మిగిలినదంతయు తరువాతిది.

వెనుకది కాదు, ముందు ఇరుసునే మార్చుట మేలని మేస్త్రీ యనెను. అంతవఱకు ముందు చక్రముల లీవరును ముట్టనని చెప్పి, యజమాని రెండు చక్రముల బలముతోనే జీపును ఇంటికి నడుపుకొనిపోయెను.