ఎముక లెక్క వేరు, కాలు లెక్క వేరు

చి. అమ్మలూ,



మొన్న వీడియో కాల్‌లో నీ బుజానికున్న పట్టీ కంటే నీ వెనక గోడకున్న క్యాలెండరే నాకు ఎక్కువ కనబడింది. పందెం తేదీ చుట్టూ ఎర్ర స్కెచ్‌పెన్‌తో సున్నా చుట్టావు. అక్కడిదాకా ప్రతి గడిలోనూ ఒక అంకె: 38, 37, 36... "వింగెగార్డ్‌కి ఊపిరితిత్తి కూడా దెబ్బతింది మావయ్యా, ఆయన టూర్ ద ఫ్రాన్స్ తొక్కలేదా? నాది ఒట్టి కాలర్‌బోనేగా" అన్నావు. మీ అమ్మ పక్కనుంటే నేనేమీ అనలేదు. అన్నానంటే ఇద్దరూ కలిసి నా మీద పడతారు. అందుకని రాస్తున్నాను.

నువ్వన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ నువ్వు చూసింది లె లియోరాన్‌లో ఆయన గెలుపు వరకే.

మొదట్నుంచి చెప్పుకుందాం. 2024 ఏప్రిల్ 4. స్పెయిన్‌లో బాస్క్ కంట్రీ సైకిల్ పందెం, నాలుగో స్టేజ్. దిగుడులో ఒక మలుపు, రోడ్డు పక్కన కాంక్రీటు కాలువ, బండరాళ్లు. ఒకరి వెనక ఒకరు జారిపోయారు. వింగెగార్డ్‌కి కాలర్‌బోన్ విరిగింది, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి కమిలి గాలి తీసిన ట్యూబులా కుంగింది. 12 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఫ్లోరెన్స్‌లో టూర్ మొదలయ్యేది జూన్ 29న. లెక్కేసుకో, 86 రోజులు. అందులో ముందు నాలుగైదు వారాలు రోడ్డెక్కనే లేదు. ఆ తర్వాత ఆల్ప్స్‌లో తీన్య్ అనే ఊళ్లో, సముద్రమట్టానికి రెండు వేల మీటర్లు దాటిన ఎత్తులో, జట్టుతో సాధన. మధ్యలో ఒక్క పందెం కూడా లేదు. ఆయన వస్తాడా రాడా అన్నది కూడా జట్టు టూర్‌కి కొద్దిరోజుల ముందుగానీ తేల్చలేదు. తారీఖు ముందు రాసుకుని ఒంటిని దానికి లాక్కురాలేదు వాళ్లు. ఒళ్లు ఏం చెబుతుందో చూసి అప్పుడు టిక్కెట్టు కొన్నారు. నీ క్యాలెండర్‌కీ వాళ్ల క్యాలెండర్‌కీ ఉన్న తేడా అదే.

జూలై 10న, పదకొండో స్టేజ్‌లో, ఆయన ప్రధాన ప్రత్యర్థి పొగాచర్ ఒక్కడే ముందుకు దూసుకుపోయాడు. వింగెగార్డ్ వెంటపడి పెర్ట్యూస్ ఎక్కుడులో అందుకుని, లె లియోరాన్‌లో గీత దగ్గర పక్కపక్కనే లాగి గెలిచాడు. రాత్రి తొమ్మిదింటికి నువ్వు నాకు ఫోన్ చేసి అరిచావు, గుర్తుందా? ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే నేనూ కళ్లద్దాలు తుడుచుకున్నాను. కానీ మర్నాటి నుంచి నువ్వు ఫోన్ చెయ్యడం మానేశావు. నేను చూస్తూనే ఉన్నాను. ప్లా దాదేలో వింగెగార్డ్‌కి 39 సెకన్లు పోయాయి. ప్లాటో ద బేయ్‌లో ఒక నిమిషం 8 సెకన్లు. మూడో వారంలో, ఇసోలా 2000లో, ఒక నిమిషం 42 సెకన్లు. నీస్‌కి చేరేసరికి మొత్తం 6 నిమిషాల 17 సెకన్ల తేడాతో రెండో స్థానం. పొగాచర్ ఆ ఏడాది అప్పటికే జీరో దిటాలియా కూడా గెలిచి మంచి ఊపుమీదున్నాడు, అందులో సందేహం లేదు. ఒంట్లో ఏ దెబ్బా లేని వింగెగార్డ్ అయినా ఓడేవాడేమో. అయినా పోయిన నిమిషాలు ఎక్కువగా లె లియోరాన్ తర్వాతే పోయాయన్నది చూడు.

ఒక్కసారి జరిగితే పోనీ అనుకోవచ్చు. దానికి ముందు ఏడు అటుది ఇటయింది. 2023 ఏప్రిల్ 23న లియెజ్-బాస్టోన్-లియెజ్‌లో పడి పొగాచర్ మణికట్టు విరిగింది. బిల్బావోలో టూర్ మొదలయ్యేనాటికి 69 రోజులు. మధ్యలో తన దేశం స్లొవేనియా జాతీయ పోటీలు గెలిచాడు. టూర్‌లో ఆరో స్టేజ్ గెలిచాడు. రెండు వారాలు ముగిసేసరికి వింగెగార్డ్‌కీ అతనికీ మధ్య తేడా 10 సెకన్లు! ఇంకేం, నయమైపోయిందనే అనుకున్నాం అందరం. పదహారో స్టేజ్ టైమ్ ట్రయల్‌లో ఒక నిమిషం 38 సెకన్లు పోయాయి. మర్నాడు కోల్ ద లా లోజ్ ఎక్కుడు మీద చతికిలబడ్డాడు, 5 నిమిషాల 45 సెకన్లు పోయాయి. రెండు వారాలు కాళ్లు బాగానే ఉన్నాయి. మరి ఎక్కడ తేడా కొట్టింది?

ఇది నీకు అర్థమైతే చాలు, ఈ ఉత్తరంలో మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు. మంచాన పడితే మొదటి కొద్దిరోజుల్లోనే రక్తంలో నీటిభాగం తగ్గుతుంది. గుండె ఒక్కో కొట్టుడుకి తోసే రక్తం తగ్గుతుంది గనక, అదే వాట్లకి ఎక్కువసార్లు కొట్టుకోవాల్సొస్తుంది. రేపు నువ్వు ట్రైనర్ (ఇంట్లో సైకిల్‌ని కదలకుండా పట్టే స్టాండు) ఎక్కగానే నీ వాచీలో చూస్తావు, ఎప్పుడూ తొక్కే తొక్కుడుకే గుండె దడదడలాడుతుంది. కంగారుపడకు, తొందరగా పోయింది తొందరగానే వస్తుంది. కండ పోవడానికి వారాలు పడుతుంది, రావడానికీ వారాలే. అన్నిటికంటే ఆఖర్న వచ్చేది ఒకటుంది. ఐదో గంటలో కూడా మొదటి గంటలోలా తొక్కగలగడం, నిన్న అలా తొక్కి ఇవాళ మళ్లీ లేచి తొక్కగలగడం. మా రోజుల్లో దాన్ని నిలవ దమ్ము అనేవాళ్లం. అది ట్రైనర్ మీద రాదు, ఎత్తు కొండమీద మూడు వారాలున్నా పూర్తిగా రాదు. నెలల తరబడి రోడ్డుమీద తిరిగి, పందేల్లో నలిగితేనే వస్తుంది. ఒక్కరోజు గెలవడానికి అది లేకపోయినా సరిపోతుంది. మూడు వారాల పందెంలో మాత్రం అది ఉందో లేదో పదహారో స్టేజ్‌కి బయటపడుతుంది.

ఫామ్ అంటే బలం అనుకుంటారు అందరూ. సాధన చేసినకొద్దీ రెండు పెరుగుతాయి, సత్తువ ఒకటి, అలసట ఒకటి. సత్తువ నిదానంగా వచ్చి నిదానంగా పోతుంది. అలసట చప్పున వచ్చి చప్పున పోతుంది. అందుకే పెద్ద పందేనికి రెండు వారాల ముందు గంటలు తగ్గిస్తారు, ఊపు మాత్రం తగ్గించరు. అలసట దిగిపోయి అడుగున ఉన్న సత్తువ పైకి తేలుతుంది, దాన్నే ఫామ్ అంటాం. మరి దెబ్బ తగిలి అడుగున సత్తువే లేకపోతే? ఇస్త్రీ చెయ్యడానికి ముందు చొక్కా ఉండాలి కదా.

బాస్క్ రోడ్డుమీద అదే కుప్పలో రెమ్‌కో ఎవెనెపుల్ కూడా ఉన్నాడు. అతనికి కాలర్‌బోన్, బుజం వెనక రెక్క ఎముక విరిగాయి. జూన్ మొదట్లో డోఫినే పందెంలో టైమ్ ట్రయల్ గెలిచాడు, కొండలెక్కేటప్పుడు వెనకబడ్డాడు. జూలైలో టూర్‌లో మూడో స్థానం. అక్కడితో ఆగిపోలేదు. జూలై 27న పారిస్ ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో స్వర్ణం, ఆగస్టు 3న రోడ్ రేసులో ఇంకో స్వర్ణం. తన పూర్తి సత్తా బయటపడింది పడిన నాలుగు నెలలకి. నాకు లె లియోరాన్ కంటే ఇదే పెద్ద పాఠం, దీన్నెవరూ స్టేటస్‌లో పెట్టరు.

అందరికీ తిరిగి రాదు కూడా. నాలుగుసార్లు టూర్ గెలిచిన క్రిస్ ఫ్రూమ్ 2019 జూన్‌లో డోఫినే టైమ్ ట్రయల్ దారి చూసుకుంటూ గోడకి కొట్టుకున్నాడు. తొడ ఎముకతో సహా చాలా విరిగాయి. మళ్లీ తొక్కాడు, ఏళ్ల తరబడి తొక్కాడు, పాత ఫ్రూమ్ మాత్రం తిరిగి రాలేదు. నిన్ను భయపెట్టడానికి కాదు. నీది ఆ దెబ్బ కాదు.

నీది నా దెబ్బ. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు జిల్లా పోటీకి ముందు ఇదే ఎడమ బుజం. మీ అమ్మమ్మ పుత్తూరు కట్టు వేయించాలని పట్టుబట్టి, రోజూ నల్లేరు పచ్చడి చేసి పెట్టేది. నేను ఇరవయ్యో రోజున పట్టీ విప్పి మేడమీదికి విసిరేసి సైకిలెక్కాను. నొప్పి లేదుగా మరి! గుంతలో ముందు చక్రం దిగింది, హ్యాండిల్ నుంచి ఆ అదురు నేరుగా బుజానికి కొట్టింది, చెయ్యి దానంతటదే వదిలేసింది. మళ్లీ అదే చోట విరిగింది. ఇప్పటికీ చొక్కా మార్చుకునేటప్పుడు ఆ బుడిపె వేలికి తగులుతుంది. ఆ ఏడాదంతా పోయింది, పోటీ మాట అటుంచు. తప్పు ఎవరిదో నేను మీ అమ్మమ్మకి చివరిదాకా ఒప్పుకోలేదు, నీకు ఒప్పుకుంటున్నాను.

నీకు ప్లేటు వేశారు, మాకు అదీ లేదు. కానీ ప్లేటు ఎముకని కదలకుండా పట్టుకుంటుందంతే, అతికించాల్సింది నీ ఒళ్లే. ప్రొఫెషనల్స్ వారానికే తొక్కారని చదువుతావు. వాళ్లు తొక్కింది ఇంట్లో, ట్రైనర్ మీద, నిటారుగా కూర్చుని. పక్కన డాక్టరుంటాడు, ఫిజియో ఉంటాడు. నీ డాక్టరు సరేనన్నాకే నువ్వూ ఎక్కు. ఎక్కినా ఆ చేతిమీద బరువు వెయ్యకు. ఎదురుగా ఫ్యాను పెట్టుకో, పట్టీ కింద చెమట పట్టి కుట్లు నానితే అదో కొత్త తద్దినం. పొద్దున్నే మంచం దిగకముందే నాడి చూసి నోట్‌బుక్‌లో రాయి. నాలుగు రోజులు వరసగా పెరిగితే ఆ రోజు తొక్కకు. ఇంకో మాట, బరువు పెరుగుతానని అన్నం తగ్గించేవు. ఎముక అతుక్కోవడానికి తిండి కావాలి. పైగా రోడ్డు సైకిలిస్టులకి ఎముకలు బలహీనంగా ఉండటం తెలిసిన సంగతే. సీటు మీద కూర్చుని తొక్కేవాళ్ల ఎముకలకి ఒంటి బరువు మోసే పని పడదు మరి. గుడ్లు, పాలు, పప్పు మానకు.

విరిగిన బుజంతో తొక్కినవాణ్ని కామెంటేటర్లు వీరుడంటారు. నాకు ఆ మాట గిట్టదు. తొక్కకుండా ఇంట్లో కూర్చున్న పది మంది పేర్లు వాళ్లెప్పుడూ చెప్పరు.

ఈ పందెం నువ్వు తొక్కొద్దని నేననను, తొక్కమనీ అనను. ఆ క్యాలెండర్ తీసి బీరువాలో పెట్టు. శుక్రవారం ఎక్స్‌రే తీయించాక ఆ ఫిల్ముని కిటికీ వెలుగులో పట్టుకుని ఫొటో తీసి పంపు. డాక్టరు ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాయి, నీకు నచ్చినట్టు మార్చి కాదు.

ఇట్లు,
మావయ్య