టెలిస్కోప్ తర్వాత... ముందు డాబా ఎక్కండి!

ఆకాశం చూడాలని ఫిక్సయ్యారు. గుడ్! ఆన్‌లైన్‌లో ఒక టెలిస్కోప్‌ని కార్ట్‌లో పెట్టేశారు కూడా. డబ్బా మీద ‘525 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది’ అని పెద్దక్షరాల్లో ఉంది. ఆగండి. పేమెంట్ బటన్ మీంచి వేలు తీసేయండి.

లెక్క చాలా సింపుల్. ముందున్న లెన్స్ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో, దానికి రెండింతలు వేసుకోండి. ఆ టెలిస్కోప్ పనికొచ్చేలా చూపించగలిగే గరిష్ఠం అంతే. 60 మి.మీ. లెన్స్‌కి 120 రెట్లు. ఆపైన కనిపించేదంతా మసకే. దానికితోడు పుల్లల్లాంటి ట్రైపాడ్. వేలు తగిలితే చాలు, చంద్రుడు పక్కకి పారిపోతాడు.

తర్వాత జరిగేది మీకూ తెలుసు. రెండు రాత్రులు కుస్తీ పడతారు. మూడో రోజు డబ్బా అటకెక్కుతుంది. ‘మనకిలాంటివి రావులే’ అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. మీకు రాకపోవడం కాదు, మొదలుపెట్టిన చోటు తప్పు!

విశాఖపట్నం జమీందారు గొడే వెంకట జగ్గారావునే చూడండి. 1840లో సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్న మనిషి. ఏ పరికరం కావాలన్నా తెప్పించుకునే స్తోమత ఉంది. అయినా మద్రాసు అబ్జర్వేటరీకి వెళ్లి, అక్కడి ఖగోళవేత్త టి.జి.టేలర్ దగ్గర పని నేర్చుకున్నారు. జగ్గారావు తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ విశాఖ అబ్జర్వేటరీని నడిపించి, 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. జమీందారుకే నేర్చుకునే ఓపిక ఉంటే మనకెందుకు ఉండదు?

మొదటి మెట్టు: పైసా ఖర్చు లేదు

మీ ఊరు గుంటూరు జిల్లా ప్రత్తిపాడు అనుకుందాం. అయితే సగం ఎక్విప్‌మెంట్ మీకు ఊరికే వచ్చేసినట్టే. చుట్టూ పత్తి, మిరప చేలు. ఎటు చూసినా చదునైన నల్లరేగడి. అడ్డం వచ్చే కొండల్లేవు. ఉత్తరాన గుంటూరు వెలుగు ఆకాశాన్ని కాస్త తినేస్తుంది, నిజమే. దక్షిణం వైపు తిరగండి. అసలు సరుకంతా అటే ఉంది.

చెయ్యి బారజాపి పిడికిలి బిగించండి. ఆ వెడల్పు దాదాపు పది డిగ్రీలు. ఉత్తరాన నేల అంచు నుంచి పిడికిలిన్నర పైకి వెళ్తే ధ్రువనక్షత్రం. మే మొదటి వారంలో రాత్రి తొమ్మిదిన్నరకి సరిగ్గా దక్షిణాన, అంతే ఎత్తులో, సదరన్ క్రాస్ అనే చుక్కల గుంపు. లండన్‌లో ఉన్నవాడు ఎంత ఖరీదైన టెలిస్కోప్ కొన్నా తన ఇంటి నుంచి దాన్ని చూడలేడు. మీరు పిడికిలితో పట్టేస్తారు!

రోజూ ఒకే చోటు, ఒకే టైమ్ పెట్టుకోండి. నులకమంచం డాబా మీద వేసి పడుకోండి. ఫోన్ జేబులోనే ఉండాలి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట పడుతుంది. మధ్యలో ఒక్క వాట్సాప్ మెసేజ్ చూశారా, మళ్లీ మొదటికే. ఏ చుక్క ఎక్కడుందో చూపించే స్టెల్లేరియం యాప్ ఫ్రీగా దొరుకుతుంది. దాన్ని కిందే, ఎక్కే ముందే చూసుకోండి. పైన వెలుతురు కావాలంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. చూసినవి నోట్‌బుక్‌లో రాయండి. తేదీ, టైమ్, ఒక్క లైను, అంతే.

జనవరి నుంచి మార్చి దాకా మిరప కల్లాల దగ్గర కాపలా పడుకుంటారు కదా, ఆ రాత్రుల్ని వదులుకోకండి. పిల్లలకోడి అనే చుక్కల గుంపుని ఏ పుస్తకమూ చదవకుండా గుర్తుపట్టే పెద్దాయన ఆ కల్లంలోనే ఉండొచ్చు. సిగ్గుపడకుండా అడగండి.

రెండో మెట్టు: బైనాక్యులర్స్

పది చుక్కల గుంపుల్ని యాప్ లేకుండా గుర్తుపడుతున్నారా? ఇప్పుడు పర్సు తీయండి. 10×50 అడగండి. పది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, లెన్స్ 50 మి.మీ. మీ కంటిపాప చీకట్లో బాగా విచ్చుకున్నా ఏడు మి.మీ.కి అటూఇటూ. అంటే కంటికన్నా దాదాపు యాభై రెట్లు ఎక్కువ వెలుతురు పట్టే లెన్స్ మీ చేతిలో ఉన్నట్టు. చేతులు వణికితే 7×50 తీసుకోండి. జూమ్ ఉన్నవాటి జోలికి వెళ్లకండి.

మోచేతుల్ని మంచంపట్టె మీద ఆనించి చూడండి. చంద్రుడి గుంటలు, గురుగ్రహం పక్కన సన్నటి చుక్కల్లా దాని చందమామలు, కంటికి ఆరో ఏడో కనిపించే పిల్లలకోడిలో డజన్ల కొద్దీ చుక్కలు కనిపిస్తాయి. శని వలయం మాత్రం దీంతో విడిగా తెలీదు. దాని గురించి బెంగ వద్దు, అది వచ్చే మెట్టులో ఉంది.

మూడో మెట్టు: ఇప్పుడు టెలిస్కోప్

ఒక సీజన్ నిలకడగా చూశారా? అయితే మీకు ఆరంగుళాల డాబ్సోనియన్ సరిపోతుంది. దీని డిజైన్ జాన్ డాబ్సన్‌ది. శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు మఠంలో సన్యాసిగా ఉండి, 1967లో బయటికొచ్చి, ఫుట్‌పాత్ మీద టెలిస్కోప్ పెట్టి దారినపోయేవాళ్లకి చుక్కలు చూపించిన మనిషి. ఆయన టెలిస్కోప్ అంటే కింద ప్లైవుడ్ పెట్టె, పైన గొట్టం. మోటార్లు, కంప్యూటర్లు ఉండవు. పెట్టె విరిగితే మీ ఊరి వడ్రంగే బాగుచేస్తాడు.

కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి:

- డాబా మెట్లెక్కి నేనొక్కణ్నే మోయగలనా?
- గొట్టాన్ని చిన్నగా తడితే వణుకు వెంటనే ఆగుతోందా?
- ఐపీస్‌లు (కన్ను ఆనించి చూసే చిన్న లెన్సులు) రెండు వస్తున్నాయా?

గొట్టం ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. గొట్టానిది 1200 మి.మీ. అయితే, 25 మి.మీ. ఐపీస్ 48 రెట్లు చూపిస్తుంది, 10 మి.మీ.ది 120. చాలు. శని వలయం ఈ రెండింట్లోనూ కనిపిస్తుంది. ప్రతి వస్తువునీ ముందు తక్కువ రెట్లతో వెతకండి, దొరికాకే పెంచండి. సూర్యుడి వైపు మాత్రం టెలిస్కోప్, బైనాక్యులర్స్ రెండూ తిప్పొద్దు. ముందు వైపు సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా చూస్తే క్షణంలో చూపు పోతుంది. ఇందులో బేరాల్లేవు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. లెన్స్‌ని తువ్వాలుతో తుడవకండి. రేగడి దుమ్ము గీతలు పెడుతుంది. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయండి, లేదంటే వానాకాలంలో బూజు పడుతుంది. ఇక మిరపకాయలు ఏరిన చేత్తో ఐపీస్‌ని ముట్టుకోవద్దు. కాసేపటికి కన్ను ఆనించేది దానికే! సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే పైకెక్కండి.