పాత హార్డ్‌డిస్క్‌లో ఫోటోలు ఓపెన్ కావట్లేదా? ఓనర్‌షిప్ మార్చే ముందు ఇది చదవండి

పాత ల్యాప్‌టాప్ పోయింది. అందులోంచి హార్డ్‌డిస్క్ తీసి, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి కొత్త పీసీకి తగిలించారు. డ్రైవ్ కనిపిస్తోంది, ‘యూజర్స్’ ఫోల్డర్ కూడా ఉంది. అక్క పెళ్లి ఫోటోలున్న ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే మాత్రం ‘మీకు పర్మిషన్ లేదు’ అని విండోస్ మొండికేస్తోంది. డిస్క్ మీదే, ఫోటోలూ మీవే. మరి అడ్డేంటి?

విండోస్ మిమ్మల్ని పేరుతో గుర్తుపట్టదు. ప్రతి అకౌంట్‌కీ ‘ఎస్-1-5-21’ అని మొదలయ్యే ఒక పొడవాటి నంబర్ ఇస్తుంది. దాన్నే ఎస్‌ఐడీ అంటారు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లో ప్రతి ఫైల్‌తో పాటు దాని ఓనర్ ఎవరు, ఎవరెవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అనేదంతా ఈ నంబర్లతోనే రాసి ఉంటుంది. కొత్త పీసీలో అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో అకౌంట్ పెట్టుకున్నా నంబర్ వేరే కాబట్టి మీరు దానికి పరాయివాళ్లే. పెన్‌డ్రైవ్‌లతో ఈ గొడవ ఎందుకు రాదంటే, వాటిలో ఎక్కువగా వాడే ఎఫ్‌ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్లలో ఓనర్ అనే సంగతే ఉండదు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. ఓనర్‌షిప్ వేరు, పర్మిషన్ వేరు. ఓనర్ అయినంత మాత్రాన ఫైల్ తెరుచుకోదు. ఎవరికి పర్మిషన్ ఇవ్వాలో నిర్ణయించే హక్కు మాత్రం వస్తుంది. ఇల్లు మన పేరు మీద రిజిస్టర్ అయినా, తాళంచెవి విడిగా చేయించుకోవాల్సిందే కదా!

ముందుగా తేలిక దారి చూద్దాం. మెసేజ్ కింద ‘కంటిన్యూ’ బటన్ ఉంటే నొక్కండి. మీది అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ అయితే చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది. ఎందుకంటే అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్ నంబర్ అన్ని విండోస్ పీసీల్లోనూ ఒక్కటే, పాత ఫోల్డర్‌లో ఆ గ్రూప్‌కి ఆల్రెడీ అనుమతి ఉంటుంది. ఫోటోలు వేలల్లో ఉంటే పైన పచ్చ గీత నెమ్మదిగా పాకుతుంది, మధ్యలో కేబుల్ పీకేయకండి. తెరుచుకున్నాక కావాల్సినవి కొత్త పీసీలోకి కాపీ చేసుకోండి. కట్ చేయొద్దు, కాపీనే! కాపీ అయిన ఫైల్స్‌కి కొత్త ఫోల్డర్ పర్మిషన్లే వస్తాయి కాబట్టి అక్కడ మళ్లీ ఈ తలనొప్పి ఉండదు. నా లెక్కలో పదిలో తొమ్మిది మందికి ఇంతకు మించి అక్కర్లేదు.

కంటిన్యూ నొక్కినా కుదరకపోతే అప్పుడు ఓనర్‌షిప్. కావాల్సిన ఒక్క ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ‘ప్రాపర్టీస్’లో ‘సెక్యూరిటీ’ ట్యాబ్, అందులో ‘అడ్వాన్స్‌డ్’. ఇప్పుడు కనిపించే విండోని ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ముందు ఎలా ఉందో గుర్తుంటుంది. పైన ‘ఓనర్’ పక్కన ‘ఛేంజ్’ నొక్కి మీ అకౌంట్ పేరు కొట్టి, ‘చెక్ నేమ్స్’తో సరిచూసుకుని ఓకే చేయండి. లోపలి ఫోల్డర్లకీ వర్తించాలంటే ఓనర్ కిందే వచ్చే ‘రీప్లేస్ ఓనర్’ బాక్స్‌లో టిక్ పెట్టాలి. తర్వాత విండోస్‌లన్నీ మూసేసి, మళ్లీ అక్కడికే వచ్చి ‘యాడ్’ ద్వారా మీ పేరుకి ‘రీడ్’ పర్మిషన్ ఇవ్వండి. కాపీకి అది చాలు. కొన్ని వీడియోల్లో ‘ఎవ్రీవన్’కి ‘ఫుల్ కంట్రోల్’ ఇచ్చేయమంటారు. అలా చేస్తే ఆ పీసీ వాడే ఎవరైనా మీ ఫైల్స్ డిలీట్ చేయగలరు. వద్దు.

ఇదే పని సీ డ్రైవ్ మొత్తం మీద మాత్రం అస్సలు చేయకండి. ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఒక ఫోల్డర్ డిలీట్ కావట్లేదన్న కోపంతో నేను సీ డ్రైవ్ అంతటికీ ఓనర్ అయిపోయాను. పర్మిషన్లన్నీ రీప్లేస్ చేసే టిక్ కూడా పెట్టేశా. రీస్టార్ట్ చేశాక స్టార్ట్ మెనూ రాలేదు, యాప్స్ ఓపెన్ కాలేదు. చివరికి విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చింది. తెల్లారితే ల్యాబ్ రికార్డ్ సబ్మిషన్! విండోస్ సిస్టమ్ ఫైల్స్‌కి చాలావరకు ‘ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్’ అనే సర్వీస్ ఓనర్‌గా ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌ని కూడా దూరంగా ఉంచడానికే అలా పెట్టారు.

‘అప్లికేషన్ డేటా’, ‘మై మ్యూజిక్’ లాంటి పేర్లతో మసకగా కనిపించే ఫోల్డర్లు తెరుచుకోకపోతే కంగారుపడొద్దు. అవి నిజం ఫోల్డర్లు కావు, పాత సాఫ్ట్‌వేర్ల కోసం పెట్టిన దారిమళ్లింపులు. వాటికి కావాలనే తాళం వేసి ఉంచారు, వదిలేయండి.

ఒకవేళ డ్రైవ్ బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా ఓనర్‌షిప్ దాకా వెళ్లలేరు. పాత ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవారా? అయితే ఆ అకౌంట్ వెబ్‌సైట్‌లో కీ సేవ్ అయి ఉండే అవకాశముంది, ముందు అక్కడ వెతకండి.